ఏడో హిస్సా

తునకల మూట వచ్చి గడపకు తగిలి విచ్చుకుంది.

పసుపూ ఉప్పూ పట్టించి తీగ మీద ఎండేసిన బక్రీద్ మాంసం. మృగశిర మబ్బులకు సగం ఎండి, సగం ఇంకా పచ్చిగానే ఉంది. ముక్కలు జారి రహమత్ పాదాల మీద పడ్డాయి. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే అసహ్యపడ్డట్టు ఉంటుంది. తీసుకోకపోతే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఏం చేయాలో తోచక అట్లాగే నిలబడిపోయింది.

"మీ హిస్సా కలిసిన కూర మా ఇంట్ల ఉండొద్దు సదర్ సాబ్! తీస్కోన్రి. మీరే తినున్రి!"

వాకిట్లో నిలబడి అరుస్తున్నవాడు చాంద్‌పాషా. లారీ డ్రైవర్. హారన్ కొట్టీ కొట్టీ అతనికి మెల్లగా మాట్లాడటం ఎప్పుడో పోయింది. ఆ గొంతుకు గల్లీలోని తలుపులన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.

"జర మెల్లగ మాట్లాడు పాషా" అన్నాడు రహమత్ మామ.

దూది ఏకే మిషన్ పక్కన పీట మీద కూర్చున్నాడాయన. గడ్డం నిండా దూది నూగు. మజీదు కమిటీకి సదర్ ఆయనే కాబట్టి గల్లీ అంతా ఆయన్ని సదర్ సాబ్ అనే పిలుస్తుంది.

"మెల్లగెందుకు? బజార్ల మెల్లగ నవ్వుతున్నరా? బట్టల దుకాణపోళ్ళు, బంగారం దుకాణపోళ్ళు, అందరికీ ఎర్కయింది. 'ఏం పాషా, ఈసారి మీ పండుగ సారా పైసలతోటి అయ్యిందటగా' అని నా మొకం మీదనే అడుగుతున్నరు. తలా ఒక హిస్సా పైసలేసుకోని ఏడుగురం కలిసి ఒక్క దున్నను కోసినం. ఏడుగురిల ఒక్కని పైస పాడైనా ఏడుగురి కుర్బానీ పాడైతదని చెప్పిందెవరు? మీరే! మజీదుల నిలబడి, వేలు లేపి మరీ చెప్పిన్రు!"

"చెప్పిన. ఇప్పుడూ చెప్తున్న."

"మరి ఏడో హిస్సా మీ ఇంటిది. షోలాపూర్ దిక్కు చక్కెర ఫ్యాక్టరీ షేర్లు అమ్మి ఆ పైసలు తెచ్చి కట్టిన్రు. అవునా, కాదా? ఆ ఫ్యాక్టరీకి నేను లారీ తోలిన. ముందు గేట్ల నుంచి చక్కెర బస్తాలు వస్తయి. ఎనక గేట్ల నుంచి సారా ట్యాంకర్లు పోతయి. చెరుకు మడ్డి పారబొయ్యరు సదర్ సాబ్, సారా కాస్తరు. ఆ వాసనకు నేను బండి ఆపి బువ్వ గూడ తినలే!"

మామ ఒక్క క్షణం చేతిలోని దూదిపింజ వంక చూశాడు.

"పైసలు యాకూబ్ తెచ్చిచ్చిండు" అన్నాడు. "నాకు ఎర్కున్నది గంతే. మన మజీదు హాఫిజ్ సాబ్ ఈ సంగతి అడగనీకే పట్నం పోయిండు, ఈ పొద్దు దిగుతుండు. ఫత్వాలిచ్చే ముఫ్తీ సాబ్‌లు ఏమన్నరో చెప్తడు. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక ఏడుగురం ఈ వాకిట్లనే కూసుందాం. తప్పు నా కొడుకుదైతే పేరు పెట్టి నేనే చెప్త. నా కొడుకైనా సరే, వాని సామాన్ నేనే బైట పెడ్త. సరేనా?"

చాంద్‌పాషా ఏదో అనబోయి, మామ తెల్ల గడ్డం చూసి ఆగిపోయాడు.

"అసర్ అయినంక వస్త" అని వెళ్ళిపోయాడు.

గల్లీ తలుపులు మాత్రం మూసుకోలేదు.

రహమత్ వంగి ముక్కలు ఏరుతుంటే, అత్త హుస్సేన్‌బీ వచ్చి పక్కన కూర్చుంది. ఎదురింటి ఆడవాళ్ళు చూస్తున్నారని ఇద్దరికీ తెలుసు. పండుగ నాడు ఇదే చేతులతో ఇదే మాంసం గిన్నెలలో పెట్టి గల్లీ అంతా పంచి వచ్చింది రహమత్. "ఎంత మంచిగున్నది బిడ్డా" అంటూ అందుకున్న చేతులే ఇప్పుడు తలుపు రెక్కలు పట్టుకుని ఉన్నాయి.

* * *

రహమత్ భర్త యాకూబ్ పెరట్లో, పరుపు గుడ్డలో దూది కూరుతున్నాడు. మోకాళ్ళతో తొక్కుతున్నాడు. అవసరమున్నదానికంటే గట్టిగా తొక్కుతున్నాడు.

"విన్నరా?" అంది రహమత్.

"చాంద్‌పాషా మాట్లాడితే దుబ్బాక దాకా వినపడ్తది."

"పరాచికాలు ఇప్పుడా?"

అతను ఇంకో గుప్పెడు దూది తీసి మూలకు కుక్కాడు.

"ఆ షేర్లు మీయేనా?"

"షేరు కొంటే పాపమా రహమత్?" అతను తల ఎత్తకుండానే అన్నాడు. "చాంద్‌పాషా, వాని బామ్మర్ది కలిసి లారీ కొనలేదా? బండి తిరిగితే ఇద్దరికీ లాభం. బోర్ల పడితే ఇద్దరికీ నష్టం. గదే షేరు. బ్యాంకుల పెడితే వడ్డీ అని మనం పెట్టం. షేరుల వడ్డీ లేదు, నష్టమొస్తే నెత్తిన గుడ్డేసుకునుడే. చక్కెర గూడ హరామేనా? ఈద్ నాడు సేమియాల ఏం పోస్తవ్ మరి?"

"నేను షేరు సంగతి అడుగుతలే. మీ సంగతి అడుగుతున్న. ఆ పైసలు మీరు తెచ్చిన్రా?"

"తెచ్చిన."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అతని మొహంలోకి చూసింది. పెళ్ళయిన నాటి నుంచి అబద్ధం ఆడితే ఎడమ కన్ను చిట్లించే మనిషి. ఇప్పుడు చిట్లించలేదు. కానీ నిజం చెప్పేవాడిలా తేలిగ్గానూ లేడు.

"తెచ్చుడు వేరు. షేర్లు మీయి అయ్యుడు వేరు" అంది. "రాధాకిషన్ సేటు దుకాణానికి మీరు పోయి వస్తరని అందరికీ ఎర్కే. కాయితాలు మోసినోడు దొంగ అయితడా? నావి కావని ఒక్క మాట అనరాదా?"

"అంటే?"

"అంటే మీ మీదికి రాదు గదా!"

"నాయి కాదంటే, మరి ఎవలయిరా అని అడుగుతరు."

అతను మళ్ళీ దూది తొక్కసాగాడు. ఆ మాట పెరట్లో అట్లాగే నిలబడిపోయింది. రహమత్ దాన్ని పట్టుకుని లాగబోయింది. అంతలోనే అత్త వాకిట్లోంచి పిలిచింది.

"కోడలా! సేటు పెండ్లాం వచ్చింది. మెత్తలు కావాల్నట!"

* * *

సులోచన రాధాకిషన్ సేటు భార్య. సేటు బజారులో కిరాణా దుకాణం నడుపుతూనే, ఈ రెండు మూడేళ్ళుగా షేర్ల ఫారాలు కూడా అమ్ముతున్నాడు. బొంబాయిలో షేర్ల కుంభకోణం గోల పేపర్ల నిండా పడ్డాక దుకాణం ముందు మునుపటంత గుంపు లేదు.

ఫోం పరుపులు వచ్చాక సిద్దిపేటలో దూది పరుపులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సులోచన మాత్రం ఏటా వానలకు ముందు పాత మెత్తలు తెచ్చి, దూది ఏకించి, మళ్ళీ కుట్టించుకుంటుంది. ఇవ్వాళ మెత్తలు చూడకుండా రహమత్ మొహమే చూస్తోంది.

"రహమతూ, జర అవుతలకి రా."

ఇద్దరూ మిషన్ గదిలోకి వెళ్ళారు. సులోచన తలుపు దగ్గరగా వేసింది.

"మా ఇంటాయన నిన్నటి సంది అన్నం ముడ్తలేడు. మా మరిది నోరు మంచిది కాదు. బజార్ల నవ్వులాటకు అన్నడంట, ఇంత దూరం వచ్చింది. నేను నీ కాళ్ళు మొక్కాల్నా ఏం జెయ్యాల్నా తెలుస్తలేదు."

"గట్లెందుకంటరు వదినా. పైసలు తెచ్చింది మా ఇంటాయననే గదా."

సులోచన వింతగా చూసింది.

"యాకూబ్‌దేమున్నది పాపం! తోలిస్తే వచ్చిండు, ఇస్తే పట్టుకపోయిండు. మీ మామ సంగతే నాకు మనసుల నుంచి పోతలేదు. పండుగ ముందురోజు మా అరుగు మీద కూసోని ఎట్ల ఏడ్సిండు! అంత పెద్దమనిషి. నేను చాయ తెచ్చిన. సగం చాయ అంగీ మీదనే ఒంపుకున్నడు."

రహమత్ చేతిలోని మెత్త జారింది.

సులోచన గమనించలేదు. గుండెలో దాచుకున్న బరువు దింపుకునే తొందరలో ఉంది.

"రెండేండ్ల కింద ఆ షేర్లు కొన్నప్పుడు పెద్దాయన ఎంత అడిగి కొన్నడో! సిమెంటు కంపెనీ ఉన్నదంటే అప్పులు తెచ్చి వడ్డీ కడ్తది వద్దన్నడు. సినిమా కంపెనీ వద్దన్నడు. బ్యాంకు షేరైతే మొత్తానికే వద్దన్నడు. చక్కెర అంటే మొకం వెలిగింది. 'చక్కెర మంచిది సేటూ, చిన్నపిల్లలు గూడ తింటరు' అన్నడు. మొన్న యాకూబ్ పైసలు పట్టుకపోయినంక మీ మామ వస్తే మా ఆయనే మాటల మాట చెప్పిండు, ఆ ఫ్యాక్టరీ సారా గూడ కాస్తదని. గంతే. మీ మామ గోడకు ఒరిగిండు."

"ఏమన్నడు?" రహమత్ అడిగింది.

"'సేటూ, ఆ పైసలు వాపస్ తీస్కొని చక్కెర పైసలు వేరు, సారా పైసలు వేరు చేసి ఇయ్యరాదా? చక్కెరయి మాత్రమే ఇయ్యి, తక్కువైనా ఫరవాలేదు' అన్నడు. చిన్నపోరడు అడిగినట్టు అడిగిండమ్మా. అట్ల వేరు చేసుడు నాతోని కాదు, అన్నీ ఒక్క గల్లల పడ్డయి అన్నడు మా ఆయన. 'అయితే ఎవ్వరికీ చెప్పకు' అని చేతులు పట్టుకున్నడు. మా ఆయన మాట ఇచ్చిండు. అందుకే ఎవరొచ్చి అడిగినా నోరిప్పుతలేడు. నీకు ఎర్కే గదా అని నీకు చెప్తున్న. ఎర్కే గదా?"

"ఎర్కే" అంది రహమత్.

* * *

సులోచన వెళ్ళాక చాలాసేపు ఆమె మిషన్ గదిలోనే ఉండిపోయింది.

పండుగ నాటి పళ్ళెం కళ్ళముందు మెదిలింది. ఇంటిల్లిపాదీ కూర చుట్టూ కూర్చుంటే మామ చారన్నం పెట్టించుకున్నాడు. కడుపు బాగాలేదన్నాడు. తన వంతు మాంసమంతా అడుక్కునేవాళ్ళకు పంచెయ్యమన్నాడు. ఎంత దయగల మనిషి అని ఆమె కళ్ళు చెమర్చాయి ఆ రోజు. వంటింట్లోకి వెళ్ళి అత్తతో కూడా అంది. అత్త అప్పుడు పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది.

మిగతావాళ్ళు తిన్నారు. చాంద్‌పాషా పిల్లలు తిన్నారు. యాకూబ్ తిన్నాడు. తను తిన్నది. ఎముక చప్పరిస్తూ "ఈసారి దున్న మంచిగున్నది మామా" అని కూడా అంది. మామ తల ఊపాడు.

సిగ్గుతో ఆమె ఒళ్ళు చచ్చిపోయింది. ఎవరి సిగ్గో అర్థం కాలేదు. తప్పు ఆయనది, సిగ్గు మాత్రం ఈ ఇంట్లో మూలమూలనా పేరుకున్న దూది నూగులా తన ఒంటికే అంటుకుంటోంది.

ఆయన చెడ్డవాడైతే బాగుండేది. తనకు కూతురు పుట్టినప్పుడు మగపిల్లవాడు కాదని ఎవరో ముక్కు విరిస్తే, ఈ గదిలోనే, ఈ మిషన్ మీద కాకుండా దూది ఏకే పాత విల్లు దించి, చేత్తో ఏకి, గింజ నలక లేకుండా ఏరి చిన్న పరుపు కుట్టాడు. "మిషన్ దూది గరుకుంటది, నా మన్మరాలి ఈపుకు గుచ్చుకుంటది" అన్నాడు. ఆ పరుపు మీదే ఆమె బిడ్డ పెరిగింది.

ఆ మామ పేరు ఇంతవరకూ ఆమె నోటితో పలకలేదు. మొగుడి పేరు, మామ పేరు ఎత్తడం ఈ ఇళ్ళల్లో లేదు. రేషను దుకాణంలో ఇంటి పెద్ద పేరడిగితే కార్డు ముందుకు తోస్తుంది. దవాఖానలో అడిగితే అత్తను పలకమంటుంది. ఆఖరికి ఊరి మధ్య ఉన్న పెద్ద ద్వారం లాల్ కమాన్‌ను కూడా ఎర్ర కమాన్ అంటుంది. మామ పేరులో సగం అందులో ఉందని. "ఎర్ర కమాన్‌కు పోవాలె" అంటే రిక్షావాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అనుకునేది.

"కోడలా."

గుమ్మంలో అత్త.

"సులోచన ఏం చెప్పింది?"

"నీకు ముందే ఎర్కనా అత్తమ్మా?"

హుస్సేన్‌బీ లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, కింద కూర్చోవడానికి మిషన్ పట్టుకుంది.

"పండుగనాడు కూర ముట్టకపోతే అడిగిన. చెప్పిండు."

"మరి అప్పుడే అందరికీ చెప్తే అయిపోవుగదా!"

"ఎట్ల చెప్తడు? అప్పటికే దున్న తెగింది, కూరలు పంచినం. అంతకుముందు రోజైతే ఆగొచ్చు, ఆగలే. ఎందుకాగలేదో నీకెర్కనా? దుకాణం నడుస్తలేదు. ఈ ఏడు హిస్సా లేదంటే సదర్ సాబ్‌కు హిస్సా పెట్టే తాహతు లేదంటరని. పోయినేడు లేనోళ్ళకు ఈయనే చెప్పిండు, తాహతు లేకుంటే సిగ్గెందుకు, అల్లా అడగడు అని. తనదాకా వచ్చేటాలకు సిగ్గుపడ్డడు."

"సిగ్గుపడితే పడిండు. కొడుకు మీదికి తోస్తడా?"

అత్త కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవాలని కూడా తోచనట్టుంది.

"తొయ్యలే. పైసలు యాకూబ్ తెచ్చిండు అన్నడు. తెచ్చింది నిజమే గదా."

"అత్తమ్మా!"

"నాకు తెలుసు బిడ్డా, నాకు తెలుసు!" హుస్సేన్‌బీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "యాకూబ్ వయసుల ఉన్నోడు. ఏ పట్నమో పోయి పని చేస్కుంటడు. ఆర్నెల్లకో, యాడాదికో మళ్ళ ఇంటికొస్తడు, జనం మర్చిపోతరు. ఈయన యేడికి పోతడు? మజీదు మెట్లు ఎక్కకుంటే రెండు దినాలు బతకడు. నువ్వు నోరిప్పకు. నీ కొంగు పట్టుకుని అడుగుతున్న."

బయట అజాన్ మొదలైంది. అసర్.

రహమత్ చేతులు విడిపించుకోలేదు. అవునని కూడా అనలేదు.

* * *

వాకిట్లో చాపలు పరిచారు. హిస్సాదారులు వచ్చి కూర్చున్నారు. మామ ఎప్పుడూ కూర్చునే పీట మీద కాకుండా చాప అంచున కూర్చున్నాడు. యాకూబ్ గోడ వారన నిలబడ్డాడు. అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. గల్లీలో తలుపుల దగ్గర ఆడవాళ్ళు, గోడల మీద పిల్లలు.

రహమత్, అత్త గుమ్మానికి వేసిన పరదా వెనక ఉన్నారు. అత్త ఆమె మణికట్టు పట్టుకునే ఉంది.

హాఫిజ్ సాబ్ బస్సు దిగి నేరుగా నమాజుకు, నమాజు నుంచి నేరుగా ఇక్కడికి వచ్చాడు. చిన్నమనిషి, చిన్నగొంతు. చాంద్‌పాషా నోరు మెదిపేలోపే చెయ్యి ఎత్తి ఆపాడు.

"ముందు నేను చెప్త, తర్వాత అరుసుకోన్రి. పట్నంల ఇద్దరు ముఫ్తీ సాబ్‌లను కలిసిన. షేరంటేనే హరాం అని ఇద్దరిల ఎవరూ అనలే."

"అట్లెట్ల?" చాంద్‌పాషా ఆగలేకపోయాడు. "అంతా జూదం గదా! బొంబాయిల ఏం జరిగిందో పేపర్ల చూస్తలేరా?"

"పొద్దున కొని మాపటికి అమ్మి, రేటు మీద పందెం కాస్తే అది జూదమే. వేరేటోళ్ళ పైసలు తెచ్చి ఆడితే ఇంకింత పాపం. గని, మనిషి తన పైసలు పెట్టి ఒక దందల పాలు తీసుకున్నడనుకో. లాభమొచ్చినా నష్టమొచ్చినా పంచుకుంటడు. నువ్వు, నీ బామ్మర్ది లారీ కొన్నట్టు. అది వడ్డీ కాదు, జూదం కాదు. ఆ దంద హలాలా, హరామా అన్నదే అసలు సవాలు."

యాకూబ్ చటుక్కున తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. పరదా వెనక రహమత్ ఉందని అతనికి తెలుసు.

"ఇప్పుడు ఈ ఫ్యాక్టరీ" హాఫిజ్ సాబ్ గొంతు సవరించుకున్నాడు. "చక్కెర హలాల్. సారా హరాం. రెండూ ఒక్కతాన కలిసినయి. దీని మీద ఇద్దరు ముఫ్తీలు ఒక్క మాట మీద లేరు. ఒకాయన సారా పాలు ఎంతుంటదో అంత తీసి గరీబోళ్ళకు ఇచ్చెయ్యమన్నడు. ఇంకొకాయన అసలు ఆ షేరు ముట్టనే ముట్టొద్దన్నడు."

"మరి మా కుర్బానీ?" ఎవరో అడిగారు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. "ఏడాదంతా కూడబెట్టి ఇచ్చిన హిస్సా, హాఫిజ్ సాబ్. అయినట్టా, కానట్టా?"

"గదే చెప్పబోతున్న. ఇద్దరూ నన్ను ఒక్కటే మాట అడిగిన్రు. దున్నను కోసే నాటికి ఆ మనిషికి ఎర్కేనా, తెల్వదా అని."

మిషన్ గది చూరులో పిచ్చుకల గోల ఒక్కటే.

"తెల్వక చేస్తే అల్లా మాఫ్ చేసేటోడు, మీరు మనసుల అనుమానం పెట్టుకోకున్రి అన్నరు. తెలిసి, దాచిపెట్టి, మీ ఆరుగురు మంచి మనసుతోటి చేసుకున్న నియ్యత్‌ల తన పైస కలిపిండంటే మాత్రం సంగతి వేరు. అట్లయితే ఆ మనిషి ముందుకొచ్చి చెప్పాలె. మీరు మళ్ళ ఏం చెయ్యాల్నో అప్పుడు చెప్త. ఆయనను మాఫ్ చేసుడు, చెయ్యకపోవుడు మీ ఇష్టం."

చాంద్‌పాషా లేచి యాకూబ్ ముందు నిలబడ్డాడు.

"ఏం యాకూబ్? చిన్నప్పటి సంది కలిసి తిరిగినోళ్ళం. ఒక్క మాట చెప్పు. నీకు ఎర్కేనా?"

యాకూబ్ పెదవులు కదిలాయి.

"చెప్పరా" అన్నాడు మామ.

అందరికీ అది గద్దింపులా వినిపించి ఉంటుంది. పరదా వెనక ఉన్న రహమత్‌కు అట్లా వినపడలేదు. చక్కెర పైసలు మాత్రమే ఇయ్యి అని సేటును అడిగిన గొంతు ఇదే అయి ఉంటుంది. కొడుకు ముందు చెయ్యి చాపినట్టుంది ఆ మాట.

"ఒప్పుకోరా. ఒప్పుకుంటే అయిపోతది. హాఫిజ్ సాబ్ ఏం చెప్తే అది చేద్దాం. నువ్వు... నువ్వు కొన్నాళ్ళు పట్నంల ఉందువు."

యాకూబ్ తండ్రి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"ఎర్కే" అన్నాడు. "నాకు ఎర్క..."

అతని ఎడమ కన్ను చిట్లింది.

రహమత్ మణికట్టు లాక్కుంది. అత్త గోళ్ళు చర్మం మీద గీసుకుపోయాయి. పరదా పక్కకు జరిగింది.

గడప దాటి కోడలు వాకిట్లోకి వచ్చేసరికి మగవాళ్ళందరూ మర్యాదకు మొహాలు తిప్పుకున్నారు. హాఫిజ్ సాబ్ చాప వైపు చూస్తూ కూర్చున్నాడు. గల్లీలో ఎవరో "అయ్యో" అన్నారు.

"ఈయనకు ఎర్క లేదు" అంది రహమత్. "ఈయన కాయితాలు మోసిండు, పైసలు మోసిండు. షేర్లు ఈయనయి కావు."

"రహమత్! లోపలికి పో!" యాకూబ్ అరిచాడు.

"తెలిసినోళ్ళు వేరే ఉన్నరు హాఫిజ్ సాబ్. పండుగ ముందురోజే తెలిసింది. తెలిసే హిస్సా కట్టిన్రు. తెలిసే కూర ముట్టలే."

చాప అంచున మామ చెయ్యి కదిలింది. ఈతాకు పోగు ఒకటి లాగి, వేలికి చుట్టుకుంటున్నాడు. ఆ వేలే, గింజ నలక లేకుండా దూది ఏరిన వేలు. ఆమె చూపు తిప్పుకుంది.

"ఎవరు బిడ్డా?" హాఫిజ్ సాబ్ తల ఎత్తకుండానే అడిగాడు. "సగం మాట అనుమానం పెంచుతది. ఇప్పటికే ఈ గల్లీల అనుమానం ఎక్కువైంది. పేరు చెప్పు."

"మా..."

నాలుక తిరగలేదు. రేషను కార్డు లేదు ముందుకు తోయడానికి. తన బదులు పలికే అత్త లేదు పక్కన. మామ అని అంటే సరిపోతుంది. కానీ మామ అంటే ఈ వాకిట్లో ఆయన ఇంకా తన మామే. దూది పరుపు కుట్టిన చెయ్యే గుర్తొస్తుంది.

"మా ఎవరమ్మా?" చాంద్‌పాషా గొంతు మొట్టమొదటిసారి మెల్లగా పలికింది. "మా ఆయన అనబోతున్నవా?"

రహమత్ తల అడ్డంగా ఊపింది. కళ్ళు మూసుకుంది. ఊరి మధ్య నుంచి వెళ్ళిన ప్రతిసారీ మింగేసిన ఆ పేరును, పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారైనా పెదవి దాటనివ్వని ఆ పేరును, వాకిట్లో, అందరి ముందు, పూర్తిగా పలికింది.

"లాల్ మహమ్మద్."

ఎవరో తనను పిలిచినట్టే, చాప అంచున కూర్చున్న మామ తల ఎత్తకుండానే పలికాడు.

"ఆఁ."